బాత్రూమ్ గడియ

చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న స్పిన్నింగ్ మిల్లులో నేను వైండింగ్ సూపర్‌వైజర్‌ని. నూలును కోన్లకు చుట్టే సెక్షన్ అది. పనిచేసేవాళ్ళంతా ఆడవాళ్ళే. మా మిల్లును ఒక పెద్ద కంపెనీ కొన్నాక యూనిఫారాలు వచ్చాయి, క్యాంటీన్ బాగుపడింది. కాదనను. కానీ ఏ చిన్న పనికి ఎవరిని అడగాలో తెలియకుండా పోయింది. పాత యజమాని ఉన్నప్పుడు ఫిట్టర్‌ను కేకేస్తే మధ్యాహ్నానికల్లా పనైపోయేది.

దసరా వెళ్ళాక ఆడవాళ్ళ బాత్రూమ్ తలుపు గడియ ఊడిపోయింది. ఉన్నవి రెండు బాత్రూములు. రెండోది అంతకుముందే పూడుకుపోతే తాళం వేశారు. నేను మెయింటెనెన్స్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాను.

"టికెట్ పెట్టారా మేడమ్?" అన్నాడాయన.

"గడియేగా సార్, ఫిట్టర్‌ని పంపితే బిగించేస్తాడు."

"పంపొచ్చు. టికెట్ లేకుండా పంపితే రేపు నన్నడుగుతారు."

కంప్యూటర్‌లో టికెట్, అంటే రిపేరు కోసం ఫిర్యాదు, పెట్టాను. ఫోటో జతచేయమని తిరిగొచ్చింది. షెడ్డులోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు, గేటు దగ్గరే ఇచ్చేయాలి. ఫోను తీసుకెళ్ళడానికి హెచ్‌ఆర్ అనుమతి కావాలి. ఆ అనుమతి తెచ్చుకుని, గడియ ఊడిన చోట మిగిలిన బెజ్జాలకు ఫోటో తీసి పంపాను. ఈసారి, గడియ విడిగా ఇవ్వడం కుదరదు, తలుపు మొత్తం మార్చే కాంట్రాక్టులో వస్తుంది, ఆ కాంట్రాక్టు ఇంకా ఖరారు కాలేదు అని జవాబొచ్చింది.

ఈలోపు ఆడవాళ్ళు ఇద్దరిద్దరు వెళ్ళేవాళ్ళు. ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. దాంతో మిషన్లు ఆగాయి. ఒకేసారి ఇద్దరు ఎందుకు లేచిపోతున్నారో సంజాయిషీ ఇవ్వమని హెడ్డాఫీసు నుంచి నాకు మెయిల్ వచ్చింది. గడియ లేదని రాశాను. అది తమ విభాగం కిందికి రాదన్నారు.

మా సెక్షన్‌లో చర్చిలో పాటలు పాడే ఒకావిడ ఉంది. గొంతు పెద్దది. "ఏందమ్మా, మీ కంప్యూటర్‌కి ఆడోళ్ళ అవసరాలు తెలవ్వా?" అని అందరి ముందే అడిగింది. తర్వాత తనే వేస్టు నూలు పేని తాడు చేసి, లోపల మేకుకు చుట్టి తలుపు బిగించే ఏర్పాటు చేసింది. సేఫ్టీ తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ తాడు చూసి, నిప్పంటుకునే వస్తువని కోసేసి వెళ్ళారు. గడియ సంగతి చెబితే, "టికెట్ పెట్టండి మేడమ్" అన్నారు.

జనవరిలో ఒకరోజు, కొత్తగా చేరిన ఒకమ్మాయి తోడెవరూ దొరక్క ఒక్కతే వెళ్ళింది. బయట నుంచి వైరింగ్ పనికి వచ్చిన మనిషి అది ఖాళీ గది అనుకుని తలుపు తోశాడు. వెంటనే వెనక్కి తగ్గాడు, క్షమించమన్నాడు. అయినా ఆ అమ్మాయి షిఫ్టు అయ్యేదాకా తలెత్తలేదు. మర్నాడు పనికి రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంటి ముందు వాళ్ళమ్మ చేటలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంది. అమ్మాయి చేనికి పోయిందని చెప్పింది.

"ఇంక మిల్లుకి పంపనండి. కోతలు మొదలైనయ్‌గా, మిరపకోతకే పోయిద్ది."

"ఎండలో చాకిరీ కదమ్మా. మిల్లులో నీడపట్టున ఉంటుంది."

"నీడ ఉంటే సరిపోయిద్దా అండీ? చేలో అయితే కాస్త చాటన్నా ఉంటది."

ఆవిడ కోపంగా అనలేదు. మంచినీళ్ళిచ్చి పంపింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాకు కంపెనీ మీద కంటే నా మీదే ఎక్కువ చిరాకు వేసింది. ఇన్నాళ్ళూ జవాబులకు జవాబులు రాస్తూ కూర్చున్నాను.

బస్టాండు పక్కన ఇనుప సామాన్ల కొట్లో గడియ, మేకులు కొన్నాను. బయటి సామాను గేటులోకి తేవాలంటే దానికీ పాస్ కావాలి. సోమవారం గడియను కవరులో చుట్టి, టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టుకుని లోపలికి తెచ్చాను. దొంగసొత్తు మోస్తున్నట్టే ఉంది. భోజనాల వేళ ఫిట్టర్‌ను పిలిస్తే చుట్టూ చూసి, "నేను బిగించానని మాత్రం చెప్పమాకండి మేడమ్" అన్నాడు. చర్చి ఆవిడ వాకిట్లో కాపలా నిలబడింది. అతను బిగించి వెళ్ళాక ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, గడియ వేసి, తీసి చూసుకున్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిషన్లు ఆగడం తగ్గింది. సంజాయిషీలూ ఆగాయి. టికెట్ ఇంకా పరిశీలనలో ఉందనే చూపిస్తోంది.

గడియ బిగించిన రోజు సాయంత్రమే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"గడియ పెట్టారా మేడమ్! ఎవరు, కంపెనీ వాళ్ళా?"

"కాదమ్మా, నేనే తెచ్చి పెట్టించాను."

ఆ అమ్మాయి మెల్లగా అడిగింది: "మరి మీరు వేరే మిల్లుకి మారిపోతే?"

ఆలోచించుకోమన్నాను. సరేనంది. కోతలు అయిపోయినా తిరిగి రాలేదు.