టెంపర్ అంటే కోపం

సత్యరాజుకు ఇంగ్లీషు రాదు, నాకు ఇనుము పని రాదు. ఇద్దరం కలిసి ఒక పిస్తోలు బాగుచెయ్యబోయాం. అందులో జరిగిన తప్పంతా నాదే. అప్పుడు చెప్పే ధైర్యం లేకపోయింది కాబట్టి ఇప్పుడు మొదటే చెప్పేస్తున్నాను.

యాభై నాలుగులో నేను చోడవరం బోర్డు స్కూల్లో టీచర్ని. పేరు మేరీ. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సత్యరాజు మా చర్చికి వచ్చే మనిషే. మాడుగుల రోడ్డు మీద చిన్న బడ్డీ పెట్టుకుని తాళాలు, పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడు. నలభై అయిదేళ్లుంటాయేమో. యుద్ధం రోజుల్లో విశాఖపట్నంలో మిలిటరీవాళ్ల దగ్గర పెట్టెలు మోశాడు. అక్కడ తుపాకులు బాగుచేసే షెడ్డు ఒకటుండేది. దాని గుమ్మంలో నిలబడి చూసినంతే అతని చదువు. గుమ్మం దాటనిస్తే కదా.

ఆ చూసింది మాత్రం అతన్ని పట్టుకుని వదల్లేదు. విశాఖపట్నంలో ఒక తుపాకుల కొట్టుకు మూడుసార్లు వెళ్లి, జీతం వద్దు, ఊడ్చిపెడతాను, పని నేర్పండి అని అడిగాడు. మూడోసారి గుమాస్తా మెడ పట్టి గెంటాడు. ఆ పని నేర్పే బడులు ఎక్కడో ఉత్తరాదిన ఉన్నాయన్నారు. ఈ మనిషి వాల్తేరు స్టేషను దాటి ఎరగడు. చివరికి అనకాపల్లిలో పొట్లాల కాగితాల మధ్య ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి ఇరవై పేజీలు లేవు. పిస్తోళ్ల బొమ్మలు చూసి గుర్తుపట్టి, గుండెలకు హత్తుకుని నా దగ్గరకు తెచ్చాడు.

"ఇదే నా బడి టీచరమ్మా. మీరు సదివి సెప్పండి, నేను సేసుకుంటాను."

రోజూ స్కూలు వదిలాక వరండాలో కూర్చుని చదివి చెప్పేదాన్ని. ఊళ్లో ఇంగ్లీషు నాకొక్కదానికే వచ్చినంత గొప్పగా ఉండేది నాకు.

ఇలా ఉండగా బుచ్చయ్యపేట గణపతిరావుగారి పిస్తోలులో స్ప్రింగు విరిగింది. ఆయన చెరుకు తోటల ఆసామి. లైసెన్సు తిరగరాయించుకోవాలంటే డిసెంబరు ఆఖరుకు పిస్తోలును తాలూకాఫీసులో చూపించాలి. పట్నం పంపితే నెలలు పడుతుంది. చేతిసంచిలో పెట్టి సత్యరాజుకు ఇచ్చి, బాగుచేస్తే అతని పనితనం గురించి కలెక్టరాఫీసుకు ఉత్తరం రాసిస్తానన్నాడు. ఆ ఉత్తరం ఉంటే సత్యరాజుకు తుపాకులు బాగుచేసే లైసెన్సు వస్తుంది. బడ్డీ పోయి కొట్టు అవుతుంది. అంత ఆశ పెట్టి, వెళ్తూ వెళ్తూ ఇంకో మాట కూడా అన్నాడట.

"ముప్పయ్యో తారీకుకి నా సేతిలో ఉండాల. లేకపోతే పిస్తోలు పోయిందని టేసన్లో సెప్పేస్తాను. అది నీ ఇంట్లో దొరుకుతాది."

లైసెన్సు లేనివాడి ఇంట్లో పిస్తోలు దొరికితే జైలే. అది సత్యరాజుకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పుస్తకం తెరిచాం.

స్ప్రింగుకు పనికొచ్చే మంచి ఉక్కు, పాత రంపం నుంచి కోసినవి, మూడే ముక్కలున్నాయి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలని ఉంది, చెప్పాను. ఆ తర్వాత వాక్యంలో టెంపర్ తీసెయ్యాలి అని ఉంది. టెంపర్ అంటే కోపం. అది నాకు ఠక్కున తెలిసిన మాట, మా హెడ్మాస్టరుగారికి మహా టెంపరని మేమంతా చాటుగా అనుకునేవాళ్లం.

"కోపం తీసెయ్యాలట" అన్నాను.

"ఎవరి కోపమండీ?"

"పనిచేసేవాడిదే అయ్యుంటుంది. ఇనుముకు కోపం ఎక్కడిది?"

దాని పక్కనే, నీలం రంగు వచ్చేదాకా అని కూడా ఉంది. కోపానికీ నీలానికీ నాకు పొత్తు కుదరలేదు. తెలీదని చెప్పడం నామోషీ అనిపించింది. ఆ ముక్క మింగేశాను.

మొదటి ముక్క కాల్చి, ముంచి, వంచబోతే పుటుక్కున విరిగింది. రెండోదానికి పొద్దుట్నుంచీ ఉపవాసం ఉన్నాడు. కొలిమి ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుని మరీ కాల్చాడు. అదీ విరిగింది. రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని స్కూలుకు వచ్చాడు. పెద్ద మగాడు, వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.

"నాలో కోపం ఇంకా పోలేదు టీచరమ్మా. అందుకే ఇరిగిపోతంది."

అప్పుడైనా నోరు విప్పాలి నేను. విప్పలేదు. పైగా, ఎవరి మీద కోపం అన్నయ్యా అని పాదిరిగారిలా అడిగాను. తమ్ముడు దేవకుమార్ మీదట. తండ్రి పోయాక కొలిమి సామానంతా దేవకుమార్ అమ్మేసుకున్నాడని ఆరేళ్లుగా మాటల్లేవు. ఆ తమ్ముడు కె.కోటపాడు దగ్గర ఒక గానుగలో బెల్లం వండుతున్నాడు.

ముక్క ఒకటే మిగిలింది, రోజులు అయిదు. భార్య అప్పలమ్మ పిస్తోలు ఉన్న సంచిని రోజుకో చోట దాస్తోంది. క్రిస్మస్ ఆరాధనలో సత్యరాజు తలెత్తలేదు. మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ కె.కోటపాడు వెళ్లిపోయాడు. ఇనుము కోసం తమ్ముడి కాళ్లు పట్టుకోడానికి వెళ్లిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడుంటాడా? నా ఇంగ్లీషు అతన్ని అంతదూరం నడిపించింది.

ఇరవై ఏడో తారీకు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. కాళ్లనిండా దుమ్ము, బట్టలనిండా బెల్లం వాసన. క్లాసు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"ఆడు పెనం కాడున్నాడు. నన్ను సూసి, కూకో అన్నా, పాకం మీదున్నాది, ఇప్పుడు మాటాడితే పోతాది అన్నాడు. కూకున్నాను. ఆడు పాకం రంగే సూస్తన్నాడు. ఒక రంగు కాడ 'దించండర్రా!' అని అరిసేడు. ముందు దించితే గట్టిపడదంట, ఎనక దించితే మాడిపోతాదంట. ఆ తరవాతొచ్చి నన్ను కావిలించుకున్నాడు. నాకు మాత్రం ఆ రంగే కళ్లలో ఉండిపోనాది. టీచరమ్మా, పుస్తకంలో ఆ కోపం మాట కాడ రంగు పేరేటైనా ఉందా?"

సుద్దముక్క బల్ల మీద పెట్టేశాను.

"ఉంది. నీలం."

"ఎప్పుడు సూసేరు?"

"మొదటి రోజే."

తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. "అయితే కోపం ఇనుముదే" అన్నాడు. ఆ మనిషి నా మాట నమ్మి నిజంగానే కోపమంతా తీసేసుకున్నట్టున్నాడు. నాకోసం కూడా కాస్త మిగుల్చుకోలేదు.

మర్నాడు ఆదివారం కాదు, అయినా సెలవు పెట్టి అతని పెరట్లోకి వెళ్లాను. చివరి ముక్క కాల్చి, నూనెలో ముంచి, తళతళలాడేలా రుద్దాడు. తర్వాత ఇనప రేకు మీద పెట్టి సన్నటి సెగ చూపించాడు. ఉక్కులోని పెళుసుదనం తీసెయ్యడాన్నే టెంపర్ తీయడం అంటారని అప్పటికి నాకు అర్థమైంది. అప్పలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ముక్క మీదికి ముందు ఎండుగడ్డి రంగు వచ్చింది, తర్వాత వంకాయ తొక్క రంగు, ఆ తర్వాత నీలం. "దించేస్తన్నాను" అని తనకు తనే చెప్పుకుని దించాడు. చల్లారాక వంచాడు. వంగి, మళ్లీ తన చోటికి వచ్చింది. ఇంకోసారి వంచాడు, వచ్చింది. మూడోసారి వంచకుండా దాన్ని అప్పలమ్మ చేతిలో పెట్టాడు.

ముప్పయ్యో తారీకున గణపతిరావుగారు చెరుకు తోట పక్కన నిలబడి పిస్తోలు ఆకాశంలోకి పేల్చి చూసుకున్నాడట. శభాష్ అన్నాడట. సత్యరాజు చేతులు కట్టుకుని ఉత్తరం మాట ఎత్తాడు.

"లైసెన్సు లేనోడికి నా పిస్తోలు ఇచ్చేనని నేనే రాసి సంతకం పెట్టాలేటి? ఎర్రోడిలా కనపడతన్నానా నీకు?"

ఒక బెల్లం దిమ్మ చేతిలో పెట్టి పంపేశాడు. ఆ దిమ్మను సత్యరాజు తన ఇంటికి తీసుకుపోలేదు, దారిలో ఎవరికో ఇచ్చేశాడు.

ఉత్తరం లేకపోయినా దరఖాస్తు పెడతానని జనవరిలో కాగితం తెచ్చాడు. ఇంగ్లీషు కాగితం, నేనే నింపాలి. పేరు, ఊరు, వయసు అయ్యాయి. తర్వాత గడి దగ్గర ఆగాను.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరు నేర్పారు అని అడుగుతున్నారు అన్నయ్యా."

"మీ పేరు రాయండి" అన్నాడు, ఆలోచించకుండా. "సోడవరం బోర్డు స్కూలు, మేరీ టీచరమ్మ. అబద్ధం కాదు గదా!"

అంత గర్వం అతని మొహంలో అంతకుముందు నేను చూడలేదు. నాకు మాత్రం జూన్‌లో రావలసిన ఇన్‌స్పెక్టరు కనిపించాడు, ఖాయం కావలసిన ఉద్యోగం కనిపించింది. పిస్తోళ్ల పని నేర్పిన టీచరమ్మని ఎవరు ఉంచుతారు? రాస్తున్నాను అని చెప్పి, ఆ గడిలో 'నిల్' అని రాశాను. అంటే ఏమీ లేదని.

సత్యరాజు ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇంగ్లీషులో ఇంత సిన్నదేటి మీ పేరు?"

"చిన్నదే" అన్నాను.

మార్చిలో కాగితం తిరిగొచ్చింది. బడ్డీ మూసి పరుగున తెచ్చాడు. శిక్షణ ఏమీ లేనందున దరఖాస్తు తోసిపుచ్చడమైనది అని ఉంది. ఈసారి ఒక్క ముక్క మింగకుండా చెప్పాను. అతను కాగితం వెనక్కి తీసుకుని, మడత మీద మడత పెడుతూ అడిగాడు.

"మీ పేరు సూసి కూడా నమ్మలేదేటి టీచరమ్మా?"

నమ్మలేదన్నాను. జూన్‌లో నా ఉద్యోగం ఖాయమైంది. సత్యరాజు బతికినన్నాళ్లూ తాళాలే బాగుచేశాడు.