తెర మీద మాట్లాడిన మా తెలుగు సారు

మా బడి తెలుగు సారు ఇక లేరు. పొద్దున పిల్లలు ప్రార్థనకు వరసలో నిలబడుతుండగా పుప్పాలగూడ నుంచి ఆయన తమ్ముడు స్కూటర్ మీద వచ్చాడు. గేటు దగ్గరే ఆగి, "అన్న పోయిండు మేడం, తెల్లారంగ" అన్నాడు. ఈ మాట వినక తప్పదని మాకందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? అతణ్ణి లోపలికి రమ్మని కూడా అనలేకపోయాను.

ఇది చదువుతున్న మీకు ఆయన తెలియరు. అందుకే ఈ నాలుగు మాటలు. గోదావరి జిల్లా నుంచి మణికొండకు కాపురం వచ్చి ఈ బడిలో కంప్యూటర్ టీచరుగా చేరిన కొత్తలో, నాతో మొదట మాట కలిపింది ఆయనే. అందరూ సారు అంటే నేనొక్కదాన్నే మాస్టారూ అనేదాన్ని. "మాస్టారంట! జర మళ్ళ అను తల్లీ, ఇనబుద్ధయితుంది" అని నవ్వేవారు. టిఫిన్ డబ్బాలో నాకోసం సర్వపిండి ముక్క విడిగా తెచ్చి, "ముందుగాల తిను, తర్వాత నీ డబ్బాలతో కొట్లాడుదువు" అని కంప్యూటర్ల వైపు చూపించేవారు.

ఆయన పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసులో లెక్కలు ఆగిపోయేవి. లెక్కల టీచరు పోట్లాటకు వెళ్తే, "లెక్కలెక్కడికి పోతయమ్మా, రెండు నిమిషాలు ఇను" అనేవారు. ఆవిడా నిలబడి వినేది. ఆ గొంతులోనే గడ్డ లేచింది. దవాఖానలో ప్రాణం నిలబెట్టారు, గొంతు తీసేశారు.

తిరిగి వచ్చిన రోజు మెడకు మఫ్లర్, చేతిలో పలక. కరస్పాండెంట్ గారు చెడ్డవారేం కాదు. కానీ, "గొంతు లేని సారుకు క్లాసు ఎట్ల ఇయ్యాలె మేడం? మీరే చెప్పుండ్రి" అన్నారు. సారు పలక మీద ఒక్కటే రాశారు: "పాఠం లేకుంటే నేను బతుకలేను." అది చదివాక మాలో ఎవరం తలెత్తలేదు.

మాదాపూర్ రాళ్ళ మధ్య కొత్తగా లేచిన అద్దాల మేడల్లోంచి ఓ కంపెనీ తన పాత కంప్యూటర్లు మా బడికి ఇచ్చింది అప్పుడే. అందులో ఒకటి సర్వర్, అంటే తక్కినవాటిని కలిపి నడిపించేది. దాన్ని సిద్ధం చేస్తున్నప్పుడు ఏయే సేవలు కావాలో అదే అడుగుతుంది. ప్రింటింగ్ కావాలా, ఇంటర్నెట్ అన్ని కంప్యూటర్లకూ పంచాలా, ఒకరు కొట్టింది అందరి తెరల మీదా కనిపించేలా మాట్లాడుకునే సేవ పెట్టాలా అని. ముసలి యంత్రం, అన్నీ పెడితే కదలదు. పక్కన కూర్చున్న సారును చూసి, ఆ మాట్లాడుకునే సేవనే ఎంచాను. "నా కోసం వద్దు, పిల్లలకేం గావాల్నో అది పెట్టు" అని రాశారు. నాకు ఒళ్ళు మండింది. "పిల్లలకు మీరే కావాలండీ, ఊరుకోండి" అని కసిరాను.

తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలని తెలిసి అలిగారు. నన్ను చూస్తే పలక బోర్లించేవారు. తర్వాత తనే వచ్చి రాశారు: "బట్టలెవరియైతేంది, పిల్ల మనదే గదా." తెలుగు క్లాసు కంప్యూటర్ గదికి మారింది. ఒక్కో వేలితో అక్షరం వెతుక్కుంటూ పద్యం కొట్టేవారు. పాదం పూర్తయ్యేదాకా పిల్లలు ఊపిరి బిగబట్టి తెర చూసేవారు. పూర్తవగానే వాళ్ళే గొంతెత్తి పాడేవారు. అబ్బ, గది దద్దరిల్లిపోయేది! నార్సింగి నుంచి వచ్చే ఓ అమ్మాయి, అంతకుముందు ఏది అడిగినా తల దించుకునేది, తెర మీద ఆయన్ని ప్రశ్నలతో వేపుకు తినేది. ఓ రోజు ఆయన నాకు పలక చూపించారు: "గొంతున్నప్పుడు నేనే మాట్లాడిన. ఇప్పుడు పిల్లలు మాట్లాడుతున్నరు." ఆయన కళ్ళల్లో నీళ్ళు. నా సంగతి చెప్పక్కర్లేదు.

ఏడాది కూడా సాగనివ్వలేదండీ. అడ్మిషన్లకు వచ్చిన సాఫ్ట్‌వేర్ తల్లిదండ్రులు అడిగేది ఒకటే, ఇంటర్నెట్ ఉందా అని. లేదంటే అటునుంచటే వెళ్ళిపోతున్నారు. రెండు సేవలూ కలిపి పెట్టి చూశాను, యంత్రం మాటిమాటికీ మొరాయించింది. "ఇంటర్నెట్ లేకుంటే బడి మూతబడ్తది మేడం. నాకేమన్న సంబురమా?" అన్నారు కరస్పాండెంట్ గారు. నేనూ తగ్గలేదు, గొంతు చించుకున్నాను. మా ఇద్దరి మధ్యకూ సారు వచ్చి పలక ఎత్తారు: "తీసెయ్యి బిడ్డా. బడి ఉంటేనే పిల్లలు." నేను తీసేసేదాకా నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

ఆయన్ని లైబ్రరీలో కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు, మర్యాద తగ్గించలేదు. పాఠం మాత్రం లేదు. నా కళ్ళ ముందే మనిషి కరిగిపోయారు. గడ్డ మళ్ళీ లేచిందని డాక్టర్లు అన్నారు. అయ్యుండొచ్చు. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

సాయంత్రం పుప్పాలగూడ వెళ్ళాం. ఆయన భార్య చాప మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే చెయ్యి పట్టుకున్నారు.

"ఆఖరు దినాలల్ల కండ్లు తెరువలే బిడ్డా. గని వేళ్ళు ఆగలే. దుప్పటి మీద గిట్ల కొట్టుడే కొట్టుడు. జపం చేస్తుండనుకున్న."

నాకు చప్పున అర్థమైంది. "జపం కాదండీ... పాఠం చెప్తున్నారు" అన్నాను.

ఆవిడ చూపుడు వేలు చాప మీద ఆనించి, "గిట్ల మొదలువెడ్తుండె... గీడికొచ్చి జర ఆగుతుండె... మళ్ళ గిట్ల" అంటూ ఒక్కోచోట ఒత్తి చూపించసాగారు. "నీకెరుకనే గదా బిడ్డా. ఏం పాఠమో జర సదివి చెప్పు" అన్నారు.

నేను వంగి, కదులుతున్న ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.