బండికి ఏ భాషా రాదు

ఆ బండిని నేనే గుద్దేశానని ఇప్పటికీ ఎవరైనా అంటే ఊరుకోను. న్యూ టౌన్‌లో మేం పనిచేసిన ఫ్లాట్లలో ఈనాటికీ కొందరు అలాగే చెప్పుకుంటారట. చెప్పుకోనీ. బ్రేకు తొక్కింది నా కాలు. ఆ కాలు ఇంకా నా దగ్గరే ఉంది, సాక్ష్యానికి పిలిస్తే వస్తుంది.

మాది హౌరాలో టికియాపారా, తెలుగువాళ్ల బస్తీ. మా ఆయన రైల్వే షెడ్డులో పనిచేసేవాడు. మా అత్త శ్రీకాకుళం వైపు నుంచి కొత్త కోడలిగా కలకత్తా వచ్చి, కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక ఒక కాంట్రాక్టరు కింద న్యూ టౌన్‌లో మళ్లీ చీపురు పట్టింది. ఆవిడ వెనకే నేనూ చేరాను. హౌరాలో బస్సెక్కితే అక్కడ దిగేసరికి నడుం పట్టేసేది. అప్పట్లో అక్కడ సగం ఇసుక గుట్టలు, సగం కొత్త మేడలు. రాజ్యం ఎర్రజెండా వాళ్లది. నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వాళ్లదే, ఇక ఎప్పటికీ వాళ్లదే అనుకునేవాళ్లం.

మా ఫ్లాట్లలో గేటు నుంచి మేడల దాకా చాలా దూరం. మధ్యలో ఒక కాలవ, దాని మీద ఎత్తుగా ఓ చిన్న వంతెన. ముసలివాళ్లు, చేపల సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లు ఆ వంతెన ఎక్కలేక ఆపసోపాలు పడేవారు. అందుకని కమిటీ వాళ్లు ఒక బ్యాటరీ బండి కొన్నారు. గోల్ఫ్ కార్ట్ అంటారట. పెద్దమనుషులు పచ్చికలో కర్రతో బంతిని కొట్టి, దాని వెనకాల నడవడానికి బద్ధకించి ఎక్కే బండి. మన దేశంలో తయారైనవి దొరుకుతాయి గానీ, ఓడలో దిగిన ఈ సరుకు అందులో సగం ధరకే వచ్చిందని సెక్రటరీ బాబు తెగ మురిసిపోయాడు. సెక్రటరీ బాబు అంటే ఆ కమిటీకి కార్యదర్శి, బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైన బెంగాలీ పెద్దాయన. మాట మహా మెత్తన. ఆ మెత్తదనంతోనే ఎవరి చేతనైనా ఏ పనైనా చేయించేవాడు.

ఆడమనిషి నడిపితే చూడ్డానికి బాగుంటుందని నన్ను డ్రైవరుగా పెట్టారు. అమ్మిన వాడి మనిషి వచ్చి నేర్పాడు. ఈ పెడల్ తొక్కితే పోతుంది, ఆ పెడల్ తొక్కితే ఆగుతుంది, ఈ మీట ఇటు తిప్పితే ముందుకి, అటు తిప్పితే వెనక్కి. "అంతే దీదీ, సైకిల్ కన్నా తేలిక" అని చేతులు దులుపుకుని పోయాడు. నాకు నీలం టోపీ ఒకటి ఇచ్చారు. దాన్ని నేను బస్సులో కూడా తీసేదాన్ని కాదు. మా టికియాపారాలో కుళాయి దగ్గర ఆడవాళ్లు, "ఏటే డ్రైవరమ్మా, మమ్మల్నెప్పుడెక్కిస్తావు?" అని ఏడిపించేవారు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. మా ఇంట్లో చీపురు వదిలిన మొదటి ఆడదాన్ని నేనే మరి.

ఆ గర్వం వానలు పడే దాకా నిలిచింది.

పచ్చికలో ఇద్దరు దొరలూ నాలుగు కర్రలూ ఎక్కాల్సిన బండి అది. మన వాళ్లు వెనకాల ఇంకో రెండు బెంచీలు వెల్డింగు పెట్టించారు. బియ్యం బస్తాలూ గ్యాసు బండలూ అందులోనే. ఎండకి బ్యాటరీలు పూరీల్లా పొంగాయి. ఛార్జింగు పెడితే కాపలా గదిలో గొంతు పట్టేసే వాసన. వాన పడి రోడ్డు మీద నీళ్లు నిలిస్తే, కాలు తీశాక కూడా నాలుగడుగులు దానంతట అదే పోయేది. బండితో వచ్చిన పుస్తకం చూద్దామంటే ఆ లిపి మాలో ఎవరికీ రాదు. "బొమ్మలు చూసుకో" అన్నాడు సెక్రటరీ బాబు. బొమ్మలో ఒక దొర నవ్వుతూ బండి తోలుతున్నాడు. నాకేం అర్థమవుతుంది?

బ్రేకు మెత్తబడుతోందని నేను చెప్పాను. చాటుగా కాదు, మేడ కింద నిలబడి పదిమందీ వినేలా చెప్పాను. సెక్రటరీ బాబు, బండి అమ్మిన వాడికి ఫోను చేశాడు. సామాను ఓడలో వస్తోంది అన్నాడట వాడు. ఆ తర్వాత ఎప్పుడడిగినా అదే ఓడ. కిదిర్‌పూర్ రేవుకి ఎన్నెన్నో ఓడలొచ్చి పోయాయి, మా బ్రేకు మాత్రం ఏ ఓడా తేలేదు. ఆఖరికి వాడి ఫోను మోగడమే మానేసింది.

నాకు యంత్రాల సంగతి ఏమీ తెలియదు, తెలుసని నేనెప్పుడూ అనలేదు. తొక్కితే ఆగాలి, ఆగట్లేదు. ఇంతకంటే ఇందులో తెలుసుకోవాల్సింది ఏముంది?

ఆ రోజు పొద్దున్న సన్నగా వాన. ఎవర్నో ఎక్కించుకురావడానికి ఖాళీ బండితో గేటుకి బయల్దేరాను. మా అత్త మోకాళ్లు పట్టుకుని వంతెన ముందు నిలబడి ఉంది. పనివాళ్లు బండెక్కకూడదని రూలు. ఖాళీగా పోతున్నా సరే, ఎక్కకూడదు. నాకు ఒళ్లు మండి, "ఎక్కు అత్తా" అన్నాను. ఎక్కించాను. ఈ రోజైనా ఎక్కిస్తాను. బండి కాలు నొప్పి ఉన్నవాళ్ల కోసం కొన్నదే కదా, మా అత్తవి కాళ్లు కావా?

వంతెన దిగేటప్పుడు బ్రేకు తొక్కాను. పెడల్ కింద దాకా పోయింది. బండి ఆగలేదు సరికదా, వేగం పెరిగింది. ఎదురుగా గేటు, గేటుకి అడ్డంగా ఇనప కమ్మీ, ఆ వెనక పెద్ద రోడ్డు. వెనక నుంచి మా అత్త ఒకటే కేకలు.

"ఓలమ్మో! ఆగే! ఆగే! ఆగే!"

గేటు దగ్గర దర్వాన్ బీహారు మనిషి, మంచివాడు. ఆయన చెవిలో మా తెలుగు ఏమని పడుతుంది? హిందీలోనూ బెంగాలీలోనూ ఆగే అంటే ముందుకి. మాసీ, అంటే మా అత్త, ముందుకి ముందుకి అని అరుస్తోందంటే ఏదో కొంప మునిగే పని అయి ఉంటుందనుకుని, ఆయన గబగబా కమ్మీ పైకెత్తేశాడు. ఎత్తి, పక్కకి తప్పుకుని, దారి ఖాళీయే అని చేయి కూడా ఊపాడు!

మేం ఆ చేయి కిందుగా బాణంలా బయటపడి, రోడ్డు దాటి, అవతల పోసి ఉన్న ఇసుక గుట్టలో దిగబడ్డాం. బస్సు ఏదీ రాకపోవడం మా అదృష్టం. నాకు మూతి పగిలింది. మా అత్త మణికట్టు విరిగింది. దర్వాన్ పరిగెత్తుకొచ్చి అత్తని లేవదీస్తూ, "మాసీ, ఆప్ హీ తో బోలీ ఆగే ఆగే!" అని ఏడ్చేశాడు. మీరే కదా ముందుకి అన్నారు అని.

"నానేటి, ముందుకెల్లమన్నానేటి?" అంది అత్త, ఇసుక ఉమ్మేస్తూ. "ఆగమన్నాను బాబూ, ఆగమన్నాను!"

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సాయంత్రానికల్లా విరిగిపోయింది.

ఎందుకంటే సెక్రటరీ బాబుకి ఆ మాట ఒక వరం అయి కూర్చుంది. ఆయన దర్వాన్‌ని పిలిచి, ఏం విన్నావని అడిగాడు. దర్వాన్ విన్నదే చెప్పాడు, అబద్ధం చెప్పలేదు. ఇంకేం, తేలిపోయింది. బండిలో లోపం లేదు. వెనక కూర్చున్న ఊడ్చే ఆవిడ ముందుకి ముందుకి అని తొందరపెట్టింది, ముందున్న డ్రైవరమ్మ కంగారుపడి తొక్కాల్సింది కాక ఇంకోటి తొక్కింది. కాదు బాబూ, మా భాషలో దానికి ఆగమని అర్థం అంటే, "అదే అంటున్నాను, భాషా గోల" అన్నాడు నవ్వుతూ. ఎటు తిప్పినా తప్పు మాదే. ముందుకి అన్నా మాదే, ఆగు అన్నా మాదే.

అమ్మిన వాడి మనిషి ఎక్కణ్ణుంచో ఊడిపడి, రెంచితో అటూ ఇటూ బిగించి, బాగుంది పొమ్మన్నాడు. సోమవారం నుంచి బండి మళ్లీ తిరుగుతుందన్నారు. ఈసారి పొద్దున్నే బడి పిల్లల్ని గేటు దాకా, బడి బస్సు దాకా దింపడానికి. కానీ పిల్లల తల్లులకి భయంగా ఉంది. అందుకని ఆదివారం మీటింగులో నేను అందరి ముందూ నిలబడి, తప్పు బండిది కాదు, నాది అని ఒక్క ముక్క చెప్పాలి. చెబితే తల్లులకి ధైర్యం వస్తుంది, నా ఉద్యోగం నాకుంటుంది. మెత్తగానే చెప్పాడు సెక్రటరీ బాబు. "సారీ అంటే నోరేం అరిగిపోతుంది?"

ఆ రోజుల్లో కుళాయి తగువు నుంచి మొగుడూ పెళ్లాల తగువు దాకా ఏదైనా పార్టీ ఆఫీసులోనే తీరేది. అక్కడికీ వెళ్లాను. యూనియన్ దాదా టీ ఇచ్చాడు, అంతా విన్నాడు, "మానియే నావ్ దీదీ" అన్నాడు. సర్దుకుపొమ్మని. మా ఆయనా అదే అన్నాడు. టోపీ ఉంచుకోవాలని నాకూ ఉంది, ఎందుకు లేదు? కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. కళ్లు మూసుకుంటే వెనక బెంచీల నిండా సంచులు తగిలించుకున్న పిల్లలే. నా సారీ నమ్మి తల్లులు ఎక్కిస్తారు. అది నా ఒక్కదాని పరువు సంగతి కాదిక.

ఆదివారం అత్త కూడా వస్తానంది, చేతికి పిండికట్టుతో. "నా అరుపు గురించి మాటాడుకుంతన్నారు, నాను లేకపోతే ఎలాగే?" అంది. హాలు నిండా జనం. ముందు వరసలో సెక్రటరీ బాబు భార్య, అందరూ బౌదీ, అంటే వదిన, అని పిలిచే ఆవిడ. పాపం, చెప్పెయ్యమ్మా అన్నట్టు నాకేసి చూస్తూ తల ఊపుతోంది.

నేను లేచాను. నాకొచ్చిన బెంగాలీలోనే చెప్పాను.

"మా అత్త తెలుగులో అరిచింది. దర్వాన్ హిందీలో విన్నాడు. బాబు బెంగాలీలో తీర్పు చెప్పాడు. బండికి ఈ మూడూ రావు. దానికి ఒక్క బ్రేకే తెలియాలి, అదీ తెలియదు. నా మాట అబద్ధమైతే సెక్రటరీ బాబునే ఒక్కసారి వంతెన మీంచి తోలమనండి. నేను వెనక కూర్చుంటాను. గేటు దగ్గర ఆగిందా, ఆయన కాళ్లు పట్టుకుని మూడు భాషల్లోనూ సారీ చెబుతాను."

హాలంతా గుసగుసలు. ఆయన నవ్వాడు, గడియారం చూసుకున్నాడు. ఎవరో పిల్ల తల్లి, "అవును, చూద్దాం" అంది. ఇక తప్పలేదు. అందరం వంతెన దగ్గరికి నడిచాం. ఆయన పంచె సర్దుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనకెక్కాను. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం, బెంచీ కమ్మీని అరచేతులు కందేలా పట్టుకున్నాను. బండి వంతెన నడిమికి ఎక్కింది. కింద గేటు కనిపించింది, గేటు అవతల బస్సులు కనిపించాయి. ఆయన కాలు పెడల్ మీద తడుముకుంటోంది.

అప్పుడు బౌదీ అరిచింది. ఆవిడ అంత గట్టిగా అరవగలదని ఎవరూ అనుకుని ఉండరు.

"థామో! నేమే ఎసో! ఎక్ఖునీ నేమే ఎసో!"

ఆయన చటుక్కున కాలు తీసేశాడు. నడిమి మిట్ట కాబట్టి బండి అక్కడే నిలబడింది. మారు మాట లేకుండా దిగిపోయాడు. ఎవర్నీ చూడకుండా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. బౌదీ ఏ మాట అంది, ఎవరికి ఎలా వినపడింది, అని ఎవరూ విచారణ పెట్టలేదు.

అత్త పిండికట్టు చెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఇన్నేళ్లు కలకత్తాలో ఉన్నా ఆవిడకి బెంగాలీ బజారు వరకే.

"ఏటే, ఆవిడేటి అరిసింది?"

"ఆగమంది అత్తా, దిగిపొమ్మంది."

అత్త ఆయన్ని పైనుంచి కిందదాకా చూసింది. తర్వాత, తెలుగు తెలియని వాళ్లకి కూడా అర్థమయ్యేంత గట్టిగా అంది.

"ఓలమ్మ! మరి ఆ బాబుకి సెవులు బాగానే ఇనపడతన్నాయి గదే!"

సోమవారం పిల్లలు నడిచే వెళ్లారు. నేను సారీ చెప్పలేదు.