నేస్తం అడిగిన బాల్కనీ

మొన్న మా బడి వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఢిల్లీలో ఇంకా ఎవరున్నారు?" అని అడిగితే, నలభై మందిలో ఉన్నానని చెప్పింది నేనొక్కదాన్నే. ఆర్.కె. పురంలో మేం చదువుకున్న తెలుగు బడికి వెళ్లి నాలుగు ఫోటోలు తీసి పెట్టమని అందరూ ఒకటే అడగడం. మావారు పోయాక మయూర్ విహార్ ఫ్లాట్లో తెలుగులో పలకరించే మనిషి లేక, ఇంటిపనికి వచ్చే దీదీతో నాలుగు హిందీ ముక్కలు మాట్లాడి రోజు గడిపే నాకు, ఒకరు నన్నొక పని అడగడమే గొప్పగా అనిపించింది.

ఆ సాయంత్రం, ఇప్పుడు విశాఖలో ఉంటున్న నా బెంచీ నేస్తం విడిగా రాసింది. "వీలైతే మా క్వార్టరు బాల్కనీ కూడా తియ్యవే. అమ్మని తలుచుకుంటే అదే కనిపిస్తుంది."

మా నాన్నగారూ వాళ్ల నాన్నగారూ ఒకే ఆఫీసులో గుమాస్తాలు. కింద మేం, పైన వాళ్లు. మా తొమ్మిదో తరగతిలో వాళ్లమ్మగారికి జబ్బు చేసి, ఆ చలికాలమంతా బాల్కనీలో ఎండకి కూర్చుని, మేం బడినుంచి వస్తుంటే పైనుంచే చెయ్యి ఊపేవారు. ఆవిడ పోయిన రోజున మా అమ్మ నేస్తాన్ని కిందికి తెచ్చుకుని, నాతోపాటు కూర్చోబెట్టి రెండు జడలు వేసింది. పదకొండు రోజులూ అది నా పక్కనే పడుకుంది. ఒక్కసారీ ఏడవలేదు, ఏడ్చిందల్లా నేనే. పదో తరగతి కాగానే వాళ్లకి బదిలీ అయింది. చెరో మూడు ఉత్తరాలు రాసుకున్నాక అవీ ఆగిపోయాయి.

మర్నాడే మెట్రో దిగి, ఆటోలో వెళ్లాను. బడి గేటు దగ్గర కాపలా మనిషి "అందర్ అలౌడ్ నహీ హై, ఆంటీజీ" అంటే, బోర్డునీ ప్రహరీనీ బయటినుంచే తీసుకుని మా బ్లాకు వైపు నడిచాను. అక్కడ ఎత్తైన రేకుల కంచె, దాని వెనక క్రేన్లు. టీ కొట్టు భయ్యాని అడిగితే, "వో తో కబ్ కా టూట్ గయా" అన్నాడు, గ్లాసులు కడుక్కుంటూనే.

ఆ మాట మెసేజ్‌లో రాయడానికి చేతులు రాక ఫోను చేశాను. "లేదే, కొట్టేశారు" అన్నాను. "మనం నడిచొచ్చిన రోడ్డుందా?" అంది. ఉందన్నాను. "అయితే బడి దాకా నడవవే, ఫోను పెట్టెయ్యకు."

నడిచాను. మోకాళ్లు నొప్పిగా ఉన్నా ఆగలేదు. సగం దారిలో అది ఏడవడం మొదలుపెట్టింది, ఆ పదకొండు రోజుల్లో రాని ఏడుపంతా ఇప్పుడొచ్చినట్టు. వింటూనే గేటు దాకా వెళ్లాను.

బడి ఫోటోలకి గ్రూపులో ముప్పై హృదయాలు వచ్చాయి. తెల్లారేసరికి గుడ్ మార్నింగ్ పువ్వులు వాటిని ఎక్కడికో నెట్టేశాయి. ఆ తర్వాత నేస్తం ఫోను చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. రోజూ మధ్యాహ్నం దాని పేరు దాకా వెళ్లి, భోంచేస్తోందేమో, కునుకు తీస్తోందేమో అని ఆగిపోతాను. ఒకప్పుడు మెట్లెక్కి, తలుపు తోసుకుని, వాళ్ల వంటింట్లోకి నేరుగా వెళ్లిపోయినదాన్ని. ఈ మొహమాటం మా మధ్యకి ఎప్పుడొచ్చిందో నాకు తెలియనే లేదు.