నాలుగో పాటలో పిలుపు

తాండూరు నుంచి వికారాబాద్ పోయే బస్సులో నాగరాణి నోరు విప్పిందంటే, చివరి సీట్లో కునుకు తీసేవాడు కూడా లేచి చిల్లర వెతుక్కుంటాడు. పద్నాలుగేళ్లుగా కండక్టర్ ఉద్యోగం. "జర లోపటికి జరుగుండ్రి" అని ఒక్కసారే అంటుంది. రెండోసారి అనిపించుకునే ధైర్యం ఎవరూ చేయరు. అలాంటి మనిషి ఆ రోజు ధారూర్ స్టేజీ దగ్గర ఫోన్ చూసుకుని, ఎక్కిన ఇద్దరికి టికెట్ కొట్టడమే మరిచిపోయింది.

ఫోన్‌లో వచ్చింది ఒక పాటల ఆల్బం అట్ట ఫొటో. దాని మీద పెద్ద అక్షరాలతో 'కరెంటొచ్చింది' అని ఉంది. ఇరవై ఏళ్ల కింద తాండూరులో ముగ్గురు డిగ్రీ పిల్లలు కలిసి చేసిన ఆల్బం అది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ దాన్ని పాతకాలం నల్ల రికార్డు మీద మళ్లీ తెస్తోంది. అట్ట వెనక పేర్లున్నాయి. గొంతు, గిటార్: చంద్రకాంత్. డ్రమ్స్: మహేందర్. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, సహకరించిన మిత్రురాలు నాగరాణికి కృతజ్ఞతలు.

మిత్రురాలట! సహకరించిందట! నాగరాణికి ఒళ్లు భగ్గున మండింది. ఆ ఏడు పాటల్లో మొదటి అరుపు నుంచి చివరి అరుపు దాకా గొంతు ఆమెది.

రెండువేల నాలుగు నాటి సంగతి. మహేందర్ వాళ్ల నాన్న నాపరాయి పాలిష్ చేసే షెడ్డులో పనిచేసేవాడు. ఆదివారం మిషన్లు ఆగగానే ఆ రేకుల కింద వీళ్ల మిషన్ మొదలయ్యేది. గిటార్ గరగరలాడేది. మహేందర్ డ్రమ్ముల్ని పగ తీర్చుకుంటున్నట్టు బాదేవాడు. దాన్ని థ్రాష్ మెటల్ అంటారని చంద్రకాంత్ ఎక్కడో చదివి వచ్చి చెప్పాడు. పేరు ఏదైతేనేం, కోపాన్ని వేగంగా, గట్టిగా, మర్యాద లేకుండా చెప్పడమే దాని పని. నాగరాణికి అది వెంటనే అర్థమైంది. టైపింగ్ క్లాసుకని ఇంట్లో చెప్పి వచ్చి, రాతి దుమ్ము మీద, ఆపకుండా పోయే బస్సుల మీద, ఆడపిల్ల మెల్లగా మాట్లాడాలనే పెద్దమనుషుల మీద అరిచింది. పాట సగంలో కరెంటు పోతే వచ్చేదాకా కూర్చునేవాళ్లు. ఆల్బంకు ఆ పేరు అలాగే వచ్చింది.

రెండు వందల క్యాసెట్లు చేశారు. అవి అరిగిపోయేలోపే పాటలు ఫోన్ల మెమరీ కార్డుల్లోకి దూరి, ఒక హాస్టల్ నుంచి ఇంకో హాస్టల్‌కు పాకిపోయాయి. ఊరూపేరూ తెలియని పిల్లలు కూడా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైనది నాలుగో పాట. దాని మొదట్లో గిటార్ లేదు, డ్రమ్ము లేదు. కడుపులోంచి లేచి, గొంతులో రెండుసార్లు విరిగి, నాలుక మీద గిరగిరా తిరిగే ఒక పొడుగాటి కేక మాత్రం ఉంది. అది పాట కోసం పుట్టిన కేక కాదు. నాగరాణి తండ్రి బీరప్ప తన గొర్రెల మందను పిలిచే పిలుపు.

నాగరాణి భయమంతా అక్కడే ఉంది. కాపరి ఇళ్లలో ఒక్కో ఇంటికి ఒక్కో పిలుపు. పక్కవాడి మంద పక్కవాడి పిలుపుకే తిరుగుతుంది, బయటివాళ్లు అదే కేక వేసినా రాదు. పిలిచాక ఆకో, నీళ్లో, గుప్పెడు కంది పొట్టో ముందు పెట్టాలి. ఏమీ పెట్టకుండా ఉత్తగా పిలవడం బీరప్ప ఇంట్లో పెద్ద తప్పు. ఏడేళ్లప్పుడు నాగరాణి ఆటకు ఒకసారి పిలిచింది. ఆయన రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అలాంటి పిలుపును పాటలో పెట్టి ఊరంతా పంచానని తెలిస్తే? అందుకే అప్పుడు తన పేరు వేయొద్దని బతిమాలింది. చంద్రకాంత్ తన పేరు వేసుకున్నాడు.

బస్సు వికారాబాద్‌లో ఆగగానే ఆమె చంద్రకాంత్‌కు ఫోన్ చేసింది. ఆయనిప్పుడు అక్కడే ఒక స్కూల్లో కంప్యూటర్ సారు.

"ఏం చంద్రకాంత్, నేను మిత్రురాలినా?"

"నువ్వే గద నాగరాణీ, పేరెయ్యకుండ్రి, నాయిన సంపుతడు అన్నవు?"

"అప్పుడన్న. ఇప్పుడు అంటలేను."

"ఇప్పుడెట్ల చెప్పు? ఇరవై ఏండ్ల సంది అందరు నన్నే అనుకుంటున్నరు." గొంతు తగ్గించాడు. "నిజం చెప్తున్న, వినీ వినీ నాకు సుత నేనే పాడినట్టు అనిపిస్తది."

అబద్ధమాడేవాడితో కొట్లాడొచ్చు. ఆ అబద్ధాన్ని తానే నమ్మి కూర్చున్నవాడితో ఎలా కొట్లాడతాం? నాగరాణి అతని దగ్గరే రికార్డు కంపెనీ మనిషి శ్రీహరి నంబరు తీసుకుని, నేరుగా ఆయనతోనే మాట్లాడింది. ఆయన మర్యాదస్తుడు.

"తప్పుగా అనుకోకండ్రి మేడం. విన్నోళ్లందరు మగగొంతే అంటున్నరు. మీదే అనేటందుకు ఏదన్న ఆధారం ఉన్నదా?"

"రెండొందలకు పైన ఉన్నయ్. ఆదివారం యాలాల్‌కు రండ్రి. చంద్రకాంత్‌ను సుత తోలుకరండ్రి."

ఫోన్ పెట్టేసింది. ఆధారాలన్నీ తండ్రి కర్ర ముందు మేస్తున్నాయి మరి. నలభై ఏళ్ల మనిషి, రోజుకు వెయ్యిమందిని అదిలించే మనిషి, డెబ్బై ఎనిమిదేళ్ల ముసలాయన మౌనానికి భయపడింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. పేరు దాచుకుని ఇరవై ఏళ్లు బతికింది, ఇక చాలు అనుకుంది.

ఆదివారం పొద్దున యాలాల్ అవతల కోసిన కంది చేలో మంద మేస్తోంది. నాగరాణి భుజం మీద ఒక సంచితో వచ్చింది. శ్రీహరి, చంద్రకాంత్ వెనకే వచ్చారు. చంద్రకాంత్ చేతిలో చిన్న స్పీకర్ ఉంది. కింద కూర్చున్న బీరప్ప కర్రకు గడ్డం ఆనించి ముగ్గురినీ చూశాడు.

"నాయినా," అంది నాగరాణి. "నేను కాలేజీల ఉన్నప్పుడు పాటలు పాడిన. అండ్ల మన పిలుపు సుత పిలిచిన. నీకు చెప్పలే. ఇయ్యాల చెప్తున్న."

ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. "ఏదీ, పెట్టు," అన్నాడు.

చంద్రకాంత్ మొదటి పాట నుంచి పెట్టాడు. ఆ మోతకు మంద బెదిరి చేను అవతలి గట్టుదాకా పోయింది. శ్రీహరి నవ్వు ఆపుకున్నాడు. మూడు పాటలు అయిపోయాయి. నాలుగోది మొదలైంది. స్పీకర్లోంచి పందొమ్మిదేళ్ల నాగరాణి పిలిచింది.

రెండు వందల తలలు ఒక్కసారి లేచాయి. ఆపైన మందకు మంద దుమ్ము లేపుకుంటూ పరుగున వచ్చి స్పీకర్‌ను చుట్టుముట్టింది. మధ్యలో ఇరుక్కున్న చంద్రకాంత్ పాట ఆపి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. గొర్రెలు మూతులు చాచి ఆయన ప్యాంటు జేబులు వెతికాయి.

బీరప్ప లేచాడు. కర్రతో స్పీకర్ వైపు చూపించాడు. "ఇరవై ఏండ్ల సంది ఇది ఉత్తగ పిలుస్తున్నదా?"

"ఉత్తగ కాదు నాయినా." నాగరాణి గొంతు పెరిగింది, ఈసారి తగ్గించుకోలేదు. "దుమ్ముల సచ్చేటోళ్లను బయటికి రమ్మని పిలిచిన. నోరు మూసుకొని ఉండుమంటే ఉన్నోళ్లను పిలిచిన."

"వచ్చిండ్రా?"

"వచ్చిండ్రు. ఇప్పటిదాంక వస్తనే ఉన్నరు. గీ సారు పట్నం నుంచి వచ్చిండు, సూడు."

బీరప్ప శ్రీహరిని కిందికీ పైకీ చూశాడు. ఆ చూపు అక్కడి నుంచి నాగరాణి సంచి మీద పడింది. ఆమె సంచి మూతి విప్పి కంది పొట్టు గుప్పిళ్లతో తీసి మంద ముందు పోసింది. పిలిస్తే పెట్టాలని ఆమె మరిచిపోలేదు. తాండూరు నుంచి బస్సులో మోసుకొచ్చింది.

"మేడం, ఇద్దరి పేర్లు ఏద్దాం," అన్నాడు శ్రీహరి, ఎవరి మనసూ నొప్పించకూడదని. "గొంతులు: చంద్రకాంత్, నాగరాణి."

"కాదు," అంది నాగరాణి. "ఒక్కటే పేరు."

బీరప్ప చంద్రకాంత్ వైపు తిరిగాడు. "నువ్వు సుత పిలువు బిడ్డా, ఇందాం."

చంద్రకాంత్ గొంతు సవరించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా తనదనుకున్న కేకను గట్టిగానే వేశాడు. ఒక్క గొర్రె కూడా పొట్టులోంచి తల ఎత్తలేదు. ఆయన ముఖం వాడిపోయింది. అది చూసి నాగరాణికి జాలేసింది, కానీ ఆమె మాట మార్చుకోలేదు.

"గొంతు కాడ నా పేరు తీసేయ్ శ్రీహరీ," అన్నాడాయన చివరికి. "గిటార్ కాడ ఉంటే సాలు. గిటార్ మాత్రం నేనే కొట్టిన."

శ్రీహరి ఫోన్ తీసి రాసుకున్నాడు. గొంతు: నాగరాణి. రాసింది ఆమెకు చూపించాడు. ఆమె ఆ రెండు మాటల్నీ రెండుసార్లు చదివింది. కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు.

బీరప్ప సంచి ఎత్తి బరువు చూశాడు. మళ్లీ కింద కూర్చుని కర్ర ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ పాట మల్ల పెట్టుమను బిడ్డా," అన్నాడు. "సంచిల ఇంక సగం పొట్టున్నది."