చెరిపేసిన వీర్రాజు

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నాకున్నది భయం కాదు, అసహ్యం. అదీ కుళ్ళిన రొయ్యలంటే.

భీమవరం దగ్గర రాజుగారి రొయ్యల చెరువులకు కంప్యూటర్ పని నాది. నీటిలో ఆక్సిజన్ ఎంతుందో మీటర్లు చెబితే, ఆ లెక్క ముంబై, హైదరాబాద్, సింగపూర్‌లలో అద్దెకు తీసుకున్న మూడు సర్వర్లలో చేరాలి. ఒక్కో సర్వర్‌కు రెండు అడ్రసులు: పక్కవాటికి లోపలిది, దూరపు ఊళ్ళవాటికి బయటిది. మా వైపు తాత పేరు పెట్టిన పిల్లాడిలాగే. బళ్ళో వీర్రాజు. ఇంట్లో తల్లి మామగారి పేరు పలకకూడదు కనుక బుజ్జి. బళ్ళోకి వెళ్ళి బుజ్జి ఎక్కడని అడిగితే ఎవరికి తెలుస్తుంది?

సింగపూర్ సర్వర్‌కు రాజుగారు చనిపోయిన తన తండ్రి పేరే పెట్టించారు, వీర్రాజు అని. నేను దాని లోపలి అడ్రసే మిగతా ఊళ్ళకు ఇచ్చాను. ఎంతకీ కలవలేదు. విసుగెత్తి దాన్ని చెరిపేసి, వేరే పేరుతో కొత్తది పెట్టి, బయటి అడ్రసు ఇచ్చాను. కలిసింది.

మర్నాడు మబ్బు పట్టిన మధ్యాహ్నం. గట్టు మీది గదిలో మేత బస్తాల కంపు, ఈగ పడిన టీ, జిగురు పట్టిన కుర్చీ. కంప్యూటర్ తెర చూస్తున్నది రాజుగారి భార్య సత్యవతి గారు.

“మావయ్యగారు వచ్చారండి,” అన్నారు.

చూస్తే, నేను చెరిపేసిన వీర్రాజు. బయటివాటికి అందకూడని ఆ లోపలి అడ్రసుతోనే. పక్కన ఒకే వరుస: నాలుగో చెరువులో ఆక్సిజన్ లేదు. మిగతా మూడు సర్వర్లూ అంతా బాగుందంటున్నాయి.

“పాత మరకండి, తుడిచేస్తాను,” అన్నాను.

“తుడుద్దురుగాని లెండి. ఆయన బతికుండగా మాత్రం ఎవరి మాట విన్నారు గనక. ముందు చెరువు చూసి రండి.”

ఆ పంట పోతే రాజుగారికి చెరువులే మిగలవు. ఇద్దరం పరుగెత్తాం. నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. మీటరు పైకి లాగితే చీమిడిలాంటి పచ్చటి జిగురు చేతికి చుట్టుకుంది. ఆ మురికిలోంచే అది బాగుంది, బాగుంది అంటోంది. నాకు గట్టు మీదే వాంతయింది. ఏరియేటర్లు తిప్పాం. ఒక మూల చచ్చినవి పోగా పంట దక్కింది. ఆ చచ్చినవాటిని రాజుగారు నాచేతే ఎత్తించారు. ఇప్పటికీ అన్నం కలిపే ముందు వేళ్ళు వాసన చూసుకుంటాను.

సర్వర్లు అద్దెకిచ్చినవాళ్ళను అడిగితే, చెరిపేసినదాని జాడ కొన్నాళ్ళు మిగలడం మామూలేనన్నారు.

ఒప్పేసుకుంటాను. నేను కల్పించింది ఆ ఒక్క వాక్యమే. వాళ్ళు అలా అనలేదు. ఆ సర్వర్ ఎక్కడా లేదన్నారు. అయినా జాడే మిగిలితే పాత లెక్క చెప్పాలి గానీ, ఆ మధ్యాహ్నపు లెక్క ఎలా చెబుతుంది? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.