చక్కర్ గోలీలు

పాతబస్తీలోని గౌలిపుర బస్తీ దవాఖానలో లీలమ్మ ఉద్యోగం పేరు సహాయకురాలు. కాగితం మీద అంతే ఉంటుంది. ఊడ్చేది ఆమె, తుడిచేది ఆమె, చీటీలు రాసిచ్చేది ఆమె, వరసలో దూరినవాణ్ని రెక్క పట్టుకుని వెనక్కి తోసేదీ ఆమే. యాభై నాలుగేళ్ల పొట్టి మనిషి. గొంతు మాత్రం ఛత్రినాక దాకా వినబడుతుందని గల్లీవాళ్లు నవ్వుతారు. "నా గొంతు లేకుంటే మీకు లైన్ ఏడిదిరా?" అని ఆమె కూడా నవ్వేస్తుంది.

అంతకు ముందు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో పంతొమ్మిదేళ్లు ఆయాగా చేసింది. భర్త ప్రేమ్‌రాజ్ మున్సిపాలిటీ చెత్త లారీ నడిపేవాడు. ఒక వానాకాలం ఆయనకు గుండెల్లో మంట పట్టుకుంది. గ్యాస్ అన్నాడు, సోడా తాగాడు. మర్నాడు సందు చివర సూదులేసే ఆయన దగ్గరికి వెళ్లి సూది వేయించుకున్నాడు. పెద్ద దవాఖానకు పోదామని లీలమ్మ మొత్తుకుంటే, "ఒక రోజు డ్యూటీ పోతది, రేపు చూద్దాం తియ్" అన్నాడు. ఆ రేపు ఆటోలో, బండ్ల మధ్య ఇరుక్కుని, ఆమె ఒళ్లోనే పోయాడు. చూసి చెప్పే డాక్టరు ఒక్కడు నడిచిపోయేంత దూరంలో ఉంటే నా మనిషి ఉండేవాడని ఆమె అనుకోని రోజు లేదు. అందుకే రెండేళ్ల కింద పాత కమ్యూనిటీ హాలుకు రంగులేసి బస్తీ దవాఖాన తెరుస్తున్నారని తెలియగానే, ఆయా పని మానేసి అందరికంటే ముందు ఆమే దరఖాస్తు పెట్టుకుంది.

డాక్టరు రచన గోదావరి వైపు పిల్ల. మనసు వెన్న, మాట రైలు. మొదట్లో జనం పెదవి విరిచారు. సూది ఎయ్యని డాక్టర్ గూడ డాక్టరేనా అన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లే మామ దగ్గు, కోడలి కడుపునొప్పి, మనవడి గజ్జి అన్నీ మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. ఎవరింట్లో ఎవరికి ఏముందో ఆమెకు నోటికొచ్చేసింది. పేదవాళ్లకు ఇంటి డాక్టరంటూ ఒకరు ఉండటం ఆ గల్లీ చూడటం అదే మొదలు.

రచనకు ఒక పట్టుదల ఉంది. రోగితో ఇంగ్లీషు ముక్క మాట్లాడకూడదు. షుగర్ అనదు, చక్కెర అంటుంది.

ఇక్కడే వచ్చింది తంటా. పాతబస్తీలో టీలో వేసుకునేది శక్కరి. ఆ జబ్బు షుగర్. తల తిరిగితే చక్కర్. మూడింటికి మూడు పేర్లు, ఎవరికీ ఏ గొడవా లేదు. డాక్టరమ్మ ఊళ్లో టీలోది పంచదార, చక్కెర అంటే ఆమెకు ఒంట్లోదే.

గుండయ్య మొదటిసారి వచ్చింది వినాయక చవితి ముందు. ఒకప్పుడు నాలుగు బర్రెలు కట్టిన ఇల్లు వాళ్లది. ఇప్పుడు మాదన్నపేట మార్కెట్ దగ్గర పాల ప్యాకెట్లు అమ్ముతాడు. ఊరికే నీరసమని వచ్చాడు. వేలికి గుచ్చి చూస్తే రెండొందల ఎనభై దాటింది. ఆ రోజు మందులిచ్చే నర్సు సుజన సెలవు. బయట అరవై మంది. డాక్టరమ్మ ఆయనకు తీపి తగ్గించమని చెప్పి, లోపలి నుంచే కేకేసింది.

"లీలమ్మగారూ, గుండయ్యగారికి చక్కెర! మాత్రలిచ్చి ఎలా వేసుకోవాలో చెప్పండి."

చీటీ మీద రాసింది ఇంగ్లీషు. లీలమ్మ చెవిన పడింది చక్కర్. నర్సింగ్ హోంలో తల తిరిగేవాళ్లకు గోలీ ఎట్లా ఇచ్చేవారో ఆమెకు తెలుసు. తెలుసు అనుకోవడమే కొంప ముంచింది.

"అన్నా, ఇవి చక్కర్ గోలీలు. చక్కర్ వచ్చినప్పుడు ఒకటి ఏసుకో. ఫికర్ చెయ్యకు" అంది. ఆయన తలూపి వెళ్లిపోయాడు.

మళ్లీ నాలుగు నెలలకు, సంక్రాంతి సెలవులు అయిపోయాక, కుంటుకుంటూ వచ్చాడు. కుడికాలికి పాత టవల్ చుట్టి ఉంది. పాల ట్రే అంచు గీరుకుని మూడు వారాలైందట. డాక్టరమ్మ టవల్ విప్పగానే గదిలో వాసన కొట్టింది. చివరి రెండు వేళ్లూ నల్లబడ్డాయి. ఈసారి వేలికి గుచ్చితే నాలుగొందల పైమాటే. కాలు దక్కుతుందో లేదో ఆమె మొహంలోనే తెలిసిపోతోంది.

"మాత్రలు వేసుకోలేదా?"

"ఏసుకున్న మేడం, మస్తు పని చేసినయ్" అని గుండయ్య జేబులోంచి పొట్లం తీశాడు. "ఇంక శానా ఉన్నయ్."

నెల రోజులకిచ్చిన అరవై మాత్రల్లో పదమూడే ఖర్చయ్యాయి. రచనకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఇంత నిర్లక్ష్యమా? కాలు తీసేయాల్సొస్తే ఎవరిది బాధ్యత?"

"నిర్లక్ష్యమేంది మేడం? చక్కర్ వచ్చినప్పుడల్లా ఏసుకున్న."

"చక్కెర వచ్చినప్పుడల్లా ఏంటండీ? అది మీకు ఎప్పుడూ ఉంటుంది!"

"ఎప్పుడూ యాడిది? నెలకు మూడుసార్లు వస్తే ఎక్కువ!"

గుమ్మంలో తడిబట్టతో నిలబడ్డ లీలమ్మకు ఆ రోజు తను చెప్పిన మాట గుర్తొచ్చింది. గుండయ్య ఒకసారి ఆమె వైపు చూశాడు. మళ్లీ తన కాలి వైపు చూపు తిప్పుకున్నాడు. డాక్టరమ్మ తప్పంతా ముసలాయన మొండితనం మీదికి తోసేసింది, నోరు మూసుకుంటే అక్కడితో సరి. కాంట్రాక్టు మార్చిలో ముగుస్తుంది. ఒక్క ఫిర్యాదు చాలు, పనిలో పెట్టిన ఏజెన్సీవాళ్లు ఇంటికి పంపేస్తారు. ఇవన్నీ ఆమె బుర్రలో తిరిగాయి, తిరగలేదంటే అబద్ధం. అయినా ఆ నల్లబడ్డ వేళ్లు చూస్తూ ఎట్లా ఊరుకుంటుంది?

"మేడం, గాయిన తప్పు లేదు. నేనే చెప్పిన. మీరు చెప్పింది నాకు చక్కర్ అనిపిచ్చింది. చక్కర్ అంటే మాకు తలకాయ తిరుగుడు. తిరిగినప్పుడే ఏసుకొమ్మని చెప్పిన. ప్రభువు మీద ఒట్టు, నేనే చెప్పిన."

రచన ఆ పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. "మీ వాడుక మాట తెలుసుకోకపోవడం నా తప్పు. మీరు చెప్పింది సరిగ్గా ఉందో లేదో చూడకపోవడం కూడా నా తప్పే" అని, వెంటనే ఉత్తరం రాసి, పెద్ద దవాఖానకు ఫోన్ చేసింది.

ఆటోలో లీలమ్మే తీసుకెళ్లింది. గుండయ్య దారి పొడుగునా బయటికే చూస్తూ కూర్చున్నాడు. వార్డు దగ్గర ఆయన భార్య చంద్రమ్మ సంగతి విని శివాలెత్తింది. "నీ నోట్ల మన్నుబొయ్య, నీ మాట నమ్మితిమి గదనే!" అని నలుగురిలో తిట్టింది. గల్లీలో ఎవరి తిట్లకూ ఊరుకోని లీలమ్మ ఆ రోజు తల వంచుకుని అన్నీ పడింది. సర్జన్ రెండు వేళ్లు తీసేశాడు. ఇంకో వారం ఆగి ఉంటే పాదమే పోయేదన్నాడు.

ఉద్యోగం పోలేదు. జరిగిందంతా, తన తప్పుతో సహా, రచన పైవాళ్లకు రాసి పంపింది. ఆ తర్వాత దవాఖానలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మందులు నర్సు చేతి మీదుగానే ఇవ్వాలి. తీసుకున్నవాళ్లు ఏ గోలీ ఎందుకో, ఎప్పుడో లీలమ్మకు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పందే గుమ్మం దాటనివ్వదు. "ఏందే, బడి పెట్టినవా?" అని జనం ఎగతాళి చేశారు. చేస్తే చేశారు, చెప్పించేది. కానీ ఇంటికి పోతే ముద్ద దిగేది కాదు. మొగుణ్ని డాక్టర్ లేక పోగొట్టుకున్న, డాక్టర్ ఉండి గూడ ఒక మనిషి వేళ్లు పోగొట్టిన అని చర్చిలో మోకాళ్ల మీద ఏడ్చింది.

నెలన్నర తర్వాత ఒక ఉదయం గుండయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. వెనక చంద్రమ్మ, మొహం ముడుచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పుట్టి బుద్ధెరిగి తన కోసం డాక్టరు మొహం చూడని మనిషి. రెండు నెలల నుంచి చూపు మసకట. లీలమ్మ లేచి నిలబడింది.

"అన్నా, సుజనక్క ఉన్నది. గోలీలెట్ల ఏసుకోవాల్నో ఆమెతోని చెప్పిస్త" అంది.

"ఎందుకు?" అన్నాడు గుండయ్య, బెంచీ మీద మెల్లగా కూర్చుంటూ. "పోయిన వేళ్లు రావు లీలమ్మా. నాకు కోపం గూడ ఉన్నది, లేదంటలేను. గని గల్లీల తప్పు చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు. చెప్పిన అని ఒప్పుకున్నది నువ్వొక్కదానివే. మా ఇంటామెకు నువ్వే చెప్పు."